విజయవాడ శాఖ ఉద్దేశం

వన్ టౌన్, విజయవాడ,
ఏప్రిల్ 2007.

శ్రీవారి పాదాలకు గంగాదేవి నమస్కరించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం అని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. అక్కడ మీరు నిజంగానే క్షేమంగా ఉన్నారని నమ్ముతున్నాను. మణికుమార్‌కి పరీక్షలైపోయాయి. పగలంతా సందులో గోలీలాడి, మోకాళ్ళు చీరుకుపోయి, సాయంత్రానికి ఆకలేసినప్పుడు మాత్రం ఇల్లు గుర్తొచ్చి వస్తున్నాడు. ఎవరి పోలికో నేను రాయను, మీరే అనుకోండి.

మీ ఉత్తరం అందింది. ఇదంతా సెల్లులో చెప్పొచ్చుగా అని మీరంటారు. మొన్న బోటు ఒడ్డుకొచ్చినప్పుడు చేశారు చూడండి, అప్పుడు చెబుదామనే అనుకున్నాను. వినపడుతోందా అని మీరు అరవడం, వినపడుతోందని నేను అరవడం, అంతటితో మాటలైపోయాయి. అయినా ఇది అరిచి చెప్పే సంగతి కాదు. ఇవాళ షాపులో కరెంటు లేదు. అందుకని కూర్చుని రాస్తున్నాను.

మీరు నాలుగు అడిగారు. ఇంటి ఓనరు పగిలిన రేకు మార్చాడా అన్నారు. మార్చలేదు. ఎండాకాలంలో వాన ఎక్కడొస్తుందమ్మా అంటాడు. వాన వచ్చాక, తడుస్తూ పైకి ఎక్కేదెవరమ్మా అంటాడు. నా దగ్గు తగ్గిందా అన్నారు, తగ్గింది. 'మీ సంఘం ఎందుకో ఇప్పటికైనా తేలిందా' అని వెక్కిరించారు. తేలింది. ఎలా తేలిందో ఈ ఉత్తరమంతా అదే. నాలుగోది, మీ అక్క కూతురు తిరుమల ఇంటరు పరీక్షలు ఎలా రాసిందని. దాని సంగతి చివర్లో రాస్తాను. పేజీలు తిప్పి ముందే అది చదవకండి, వరసగా రండి.

మీరు పారాదీప్ వేటకి వెళ్ళాక ముదిరిన గొడవ కాబట్టి మొదట్నుంచీ చెబుతాను. మా నెట్ సెంటరు ఓనరు జాన్‌బాబు గారు మీకు తెలుసు. ఇంటర్నెట్టులో ఆయనకి 'చేదోడు' అనే బృందం ఒకటుంది. హైదరాబాదు, బెంగుళూరుల్లో కంప్యూటరు ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్ళు ఎక్కువమంది. ఒకరి మొహం ఒకరు చూసి ఎరగరు. ఒకరు రాసిన ఉత్తరం అందరికీ ఒకేసారి చేరే ఏర్పాటు ఉంది, దాన్ని లిస్టు అంటారు. ఫలానా ఊళ్ళో ఫలానా మనిషికి రక్తం కావాలనో, ఫలానా బడికి పుస్తకాలు కావాలనో అందులో రాస్తే, ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళు చూసి వెళతారు. విజయవాడకి సంబంధించినవి జాన్‌బాబు గారు చూసేవారు. ఆయన లేనప్పుడు నేను చూసేదాన్ని. ఆస్పత్రి నుంచి కబురొస్తే ఎవరో ఒకరిని పంపేవాళ్ళం. ఎవరూ దొరక్కపోతే ఆయనే స్కూటరెక్కేవారు. నేను కూడా రక్తం ఇచ్చాను. చెబితే నువ్వే ఎండిపోయి ఉన్నావంటారని మీకు చెప్పలేదు. అంతే మా సంఘం. దానికి ఉద్దేశమంటూ ఎవరూ రాసుకోలేదు, బాగానే నడిచేది.

పోయిన వానాకాలంలో హైదరాబాదువాళ్ళకి ఊరూరా శాఖ ఉండాలని తోచింది. శాఖ అన్నాక ఒక కో-ఆర్డినేటరు ఉండాలి. వెబ్‌సైటులో ఆ శాఖకి ఒక పేజీ ఉండాలి. ఆ పేజీ నెత్తిన, ఈ శాఖ ఉద్దేశం ఏమిటో రాసి ఉండాలి. అది లేకపోతే శాఖ కాదు. ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పే ఉదయభాస్కర్ గారు కో-ఆర్డినేటరయ్యారు. రిటైరైన ఇంగ్లీషు మేడమ్ శాంతకుమారి గారు, తహసీల్దారాఫీసులో చేసి రిటైరైన పూర్ణచంద్రరావు గారు వచ్చి చేరారు. జాన్‌బాబు గారు, నేను ఎలాగూ ఉన్నాం. ఎవరూ చెడ్డవాళ్ళు కాదండీ. అది ముందే రాస్తున్నాను, చదువుతూ చదువుతూ మీకు కోపం వస్తుందని. చెడ్డవాళ్ళైతే నాకింత బాధ ఉండేది కాదు, నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని.

నెట్ సెంటరు పైగదిలో ఆదివారం ఆదివారం మీటింగు. మా శాఖ ఎందుకు అన్నదే విషయం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంకా ఏ పనీ మొదలెట్టకుండానే దాని పేరు దగ్గర నెలలు గడిచాయి. 'చైతన్యం' అనాలని ఒకరు, అది పార్టీల మాట, 'సాధికారత' అనాలని ఒకరు. 'సమగ్ర' అన్న మాట లేకపోతే పూర్ణచంద్రరావు గారికి ముద్ద దిగదు. నేను విని విని, ఆస్పత్రి నుంచి కబురొస్తే మనిషిని పంపడానికి అని రాయండి, అదే కదా మనం చేసేది అన్నాను. ఉదయభాస్కర్ గారు నవ్వారు. మంచి నవ్వే, పిల్లలకి లెక్క తప్పు చెప్పేటప్పుడు నవ్వే నవ్వు.

"అది యాక్టివిటీ అమ్మా. పర్పస్ అది కాదు" అన్నారు.

ఆ మాట మీదనే ఉండగా కింద ఫోను మోగింది. పెద్దాస్పత్రిలో పురిటి కేసు. జాన్‌బాబు గారు లేచి వెళ్ళిపోయారు. ఆయన రక్తమిచ్చి, చేతికి దూదితో తిరిగొచ్చేసరికి ఇక్కడ ఓటింగు అయిపోయింది. మినిట్స్‌లో ఆయన గైర్హాజరు. ఆయన అది చదువుకుని చొక్కా చెయ్యి కిందకి దించుకున్నారు.

పాలెం సంగతి ఎత్తింది నేనే. ఉద్దేశానికి ఒక చోటు కావాలి, ఏదైనా వెనకబడ్డ ఊరు చెప్పండి అని అడుగుతుంటే నోరు ఊరుకోక అన్నాను. బందరు అవతల మా అత్తగారి పాలెంలో సాయంత్రం పూట పిల్లలకి పాఠం చెప్పే మనిషి లేడండీ, ఎవరైనా వారానికోసారి వెళ్ళినా చాలు అన్నాను. మనిషి అని అన్నాను. వాళ్ళు మనిషిని వదిలేసి కేంద్రాన్ని పట్టుకున్నారు. డిజిటల్ కేంద్రం. బెంగుళూరువాళ్ళు పాత కంప్యూటర్లు పంపుతారట. ఉదయభాస్కర్ గారి కళ్ళు వెలిగిపోయాయి. నాకూ సంతోషమే వేసింది. మన పాలెం పేరు ఒక పేజీ మీద ఎక్కుతుందంటే మీకు మాత్రం వెయ్యదా?

దసరా సెలవుల్లో వ్యాను కట్టుకుని వెళ్ళాం. వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. తుఫాను తర్వాత ఎవరో దాతలు వేయించిన రేకుల షెడ్డు ఉంది కదా, గోడలు లేకుండా స్తంభాల మీద నిలబడి. ఆడవాళ్ళు పొద్దున్నే దాని నీడన వలలు బాగుచేసుకుని, ఎండబెట్టిన చేపల బస్తాలు మంచు తగలకుండా, కుక్కలు ముట్టకుండా అక్కడే పేర్చుకుంటారు. మధ్యాహ్నం వేళ బస్తాలు విప్పుకుని గంపలు నెత్తిన పెట్టుకుని ఊళ్ళమీదకి పోతారు. అప్పుడా షెడ్డు ఖాళీగా కనపడుతుంది. ఆ ఖాళీ వేళలోనే మావాళ్ళు వ్యాను దిగారు. ఇంత చక్కటి చోటు ఊరికే పడి ఉందేమిటమ్మా అన్నారు పూర్ణచంద్రరావు గారు. ఊరికే పడి లేదండీ, సాయంత్రం చూడండి అన్నాను. సాయంత్రందాకా ఉండే వీలు వ్యానుకి లేదు.

మీ కాశీరావు బాబాయి, తక్కిన పెద్దలు వచ్చి కూర్చున్నారు. ఉదయభాస్కర్ గారు బాగా మాట్లాడారు. ఈ షెడ్డుకి గోడలు కట్టి తలుపు పెడతాం, కంప్యూటర్లు తెస్తాం, మీ పిల్లలు ప్రపంచాన్ని చూస్తారు అన్నారు. అంతా చెప్పి, మీకేమైనా అభ్యంతరమా అని అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. మళ్ళీ అడిగారు. బాబాయి సముద్రంవైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత పిల్లాణ్ణి కేకేసి వీళ్ళకి టీలు తెప్పించాడు. మావాళ్ళు ఆనందంగా తాగి వ్యానెక్కారు.

మీకు విడమర్చి చెప్పక్కర్లేదు. ఇష్టమైతే పెద్ద లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని 'సరే, కానీండి' అంటాడు. ఇష్టం లేకపోతే ఎవరూ ఏమీ అనరు. గడపలోకొచ్చిన మనిషిని మొహం మీద కాదనడం మనలో లేదు. టీ ఇచ్చి పంపుతారు. మన సంబంధానికి మా నాన్న మీ ఇంట్లో రెండుసార్లు ఉత్త టీ తాగి ఇంటికొచ్చి, మూడోసారి కదా తువ్వాలు దులిపించుకున్నది.

వ్యానులోనే చెప్పాను, వాళ్ళు ఒప్పుకోలేదండీ అని.

"ఎవరు కాదన్నారమ్మా? రెండుసార్లు అడిగాను. ఒక్కరు నోరు విప్పారా?" అన్నారు ఉదయభాస్కర్ గారు.

"విప్పకపోవడమే కాదనడమండీ మా దగ్గర."

ఆయన వెనక్కి తిరిగి, మౌనం అర్ధాంగీకారం అని పెద్దలు ఊరికే అన్నారా అన్నారు. శాంతకుమారి గారు నవ్వారు. అందరూ నవ్వారు. ఆయన అబద్ధమాడలేదు. లిస్టులో కూడా వాళ్ళ పద్ధతి అదే. ఏదైనా ప్రతిపాదన పెడితే వారం రోజులు చూస్తారు. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అందరూ ఒప్పుకున్నట్టు. ఒక్కరు వద్దన్నా ఆగిపోతుంది. ఆ పద్ధతిలో అంతకాలం ఉన్న మనిషికి మా బాబాయి మౌనం ఎలా వినపడుతుంది?

సరే, నేనే వద్దంటాను, ఒక్కరు చాలు కదా అనుకున్నాను. లిస్టులో ఇంగ్లీషులో రాయాలి. నాకు తెలుగు టైపింగు ఎంత వేగమో ఇంగ్లీషు వాక్యం అంత వంకర. శాంతకుమారి మేడమ్ నేను రాసిపెడతాలే అన్నారు. పాలెం పెద్దలు ఒప్పుకోలేదు, ఆ షెడ్డు ఆడవాళ్ళ బతుకు, వద్దు అని తెలుగులో చెప్పాను. ఆవిడ కూర్చుని అరపేజీ రాశారు. కూడబలుక్కుని చదివితే, పెద్దలు మమ్మల్ని ఎంతో ఆదరించారని, ఆ షెడ్డుతో వారికున్న అనుబంధాన్ని గౌరవిస్తూ మనం సున్నితంగా ముందుకు సాగాలని ఉంది.

"మేడమ్, ఇందులో వద్దు అన్నది ఎక్కడుందండీ?"

"ఉందిగా అమ్మా, గౌరవిస్తూ అంటే అదే. మొహాన కొట్టినట్టు రాస్తే బాగుండదు."

ఆవిడదీ మన పాలెం పద్ధతే అనిపించింది. కాదని అనలేక మనవాళ్ళు ఊరుకుంటారు, ఆవిడ ఇంగ్లీషు రాస్తారు. నా పేరుతోనే పంపించాం. జవాబులొచ్చాయి. ప్లస్ వన్, ప్లస్ వన్ అని. అంటే నేనూ సరేనంటున్నాను అని అర్థం. ఎంత చక్కగా చెప్పారు గంగాదేవి గారూ అని బెంగుళూరు నుంచి ఒకాయన మెచ్చుకున్నాడు. నా అభ్యంతరం నా ఎదురుగానే మద్దతైపోయింది. వారం గడిచింది. విజయవాడ శాఖ ఉద్దేశం, 'సముద్రతీర మత్స్యకార బాలబాలికల సమగ్ర డిజిటల్ సాధికారత' అని పేజీ నెత్తిన ఎక్కింది. పూర్ణచంద్రరావు గారి 'సమగ్ర' కూడా దక్కింది.

గోడలు లేచాయి. తలుపొచ్చింది, తాళమొచ్చింది. కంప్యూటర్లున్న చోట తాళం లేకుండా ఎలా? ఒక చెవి ఉదయభాస్కర్ గారి దగ్గర, ఒకటి మా షాపు సొరుగులో. పాలెంలో ఒకటిద్దామంటే, ఎవరికివ్వాలో తీర్మానం కావాలన్నారు. తాపీమేస్త్రీ పని చేస్తున్నన్నాళ్ళూ మనవాళ్ళు ఒక్కరూ అడ్డం రాలేదు. ఎందుకు రాలేదో నాకు అప్పుడు అర్థం కాలేదు. బస్తాలు బయట ఇసుకలో పేర్చుకుని పట్టా కప్పుకున్నారు. ఆదివారాలు మావాళ్ళెవరైనా వెళ్ళినప్పుడు తలుపు తీసేవారు. కొన్ని ఆదివారాలు ఎవరూ వెళ్ళలేదు. వెళ్ళినప్పుడు కరెంటు ఉండేది కాదు. ఉప్పుగాలికి కీబోర్డు మీటలు బిగుసుకుపోయాయి.

మాఘంలో పట్టిన ముసురు మీకు గుర్తుండే ఉంటుంది, అక్కడా వానలన్నారు. ఒకరోజు పొద్దున షాపు తెరవగానే తిరుమల ఫోన్ చేసింది. "అత్తా, తాళం" అంది. సొరుగులో చెవి తీసుకుని, మణిని పక్కింట్లో వదిలి బస్సెక్కాను. బందరు దాటాక రోడ్డు మీద నీళ్ళు. నేను చేరేసరికి వాన వెలిసింది. పట్టా ఎగిరిపోయి బస్తాలన్నీ తడిసి ముద్దై ఉన్నాయి. మీ అక్క రత్తమ్మ వదిన ఆ సీజనంతా ఎండబెట్టిన చేప అది. తాళం పగలగొట్టొచ్చుగా అంటారు. పరాయివాళ్ళ సొత్తు లోపలుండగా మనవాళ్ళు తాళం మీద చెయ్యి వేస్తారా? వదిన ఆ తలుపు ముందే, చూరు కింద నిలబడి రాత్రంతా తడిసిందట. నేను వెళ్ళి తలుపు తీస్తే లోపల పొడి నేల, బల్లల మీద గుడ్డ కప్పిన కంప్యూటర్లు. వదిన తొంగి చూసి ఇంటికి వెళ్ళిపోయింది.

తిరిగొచ్చి ఈసారి ఎవరినీ అడగలేదు. నా వంకర ఇంగ్లీషులో నేనే రాశాను. షెడ్డు వెనక్కి ఇవ్వాలి, కంప్యూటర్లు తీసెయ్యాలి, విజయవాడ శాఖ వద్దు. అంతే. వారం చూశాను. ఒక్క జవాబు రాలేదు. ప్లస్ వన్ లేదు, మైనస్ వన్ లేదు. పద్ధతి ప్రకారం అందరూ ఒప్పుకున్నట్టేగా? జాన్‌బాబు గారితో చెబితే, వాళ్ళ నిబంధన వాళ్ళకే కదమ్మా, పదండి అని మినీ లారీ మాట్లాడారు. కంప్యూటర్లు ఎక్కించి, తలుపు ఊడపీకించి, గోడలు పడగొట్టించి, తాళంచెవి సముద్రంలో విసిరేసి వచ్చాం. విసిరింది నేనే. తలుపే లేనప్పుడు చెవి ఎవరికివ్వను?

మర్నాడే ఉదయభాస్కర్ గారి ఫోను. ఎవర్ని అడిగి చేశారన్నారు. లిస్టులో పెట్టాను, వారంలో ఎవరూ కాదనలేదన్నాను.

"అసలెవరూ చూసుండరమ్మా ఆ మెయిలు" అన్నారు.

"మరి మొదటిది ఎంతమంది చూశారండీ?"

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. ఆ పూట ఆయన ఊరుకోవడానికి అర్థం ఏమిటో, వాళ్ళ పద్ధతిలో చూడాలో మన పద్ధతిలో చూడాలో నాకు తెలియలేదు. ఫోను పెట్టేశారు.

ఇక దాచి లాభం లేదు. తిరుమల పరీక్షలు రాయలేదండీ. ఒక్క పేపరూ రాయలేదు.

చేప పోయాక వదినకి దారి లేకపోయింది. రొయ్యలు వలిచే కంపెనీ షెడ్డు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుంది. ఇంటికి ఇద్దరైతేనే ఇస్తానన్నాడట. మా సంగతి రాయొద్దని మీ అక్కే అంది, మీరు అక్కడ వేట మానేసి పరుగెత్తుకొస్తారని. అందుకే మీకు ఎవరూ రాయలేదు, నేనూ రాయలేదు. హాల్ టికెట్టు వచ్చింది. పరీక్షల వేళకి ఆ పిల్ల బందరు అవతల ఐసు నీళ్ళల్లో చేతులు పెట్టి నిలబడి ఉంది. మా పాలెంలో ఇంటరుదాకా వచ్చిన ఆడపిల్ల అదొక్కతే. ఆ పిల్లని అంతదాకా చదివించింది ఎండు చేప. మత్స్యకార బాలబాలికల సాధికారత కోసం పుట్టిన మా శాఖ చేసిందల్లా, చదువుకునే ఆ ఒక్క పిల్లని కాలేజీ మాన్పించడం. మీరు అడిగారు కదా, మీ సంఘం ఎందుకో తేలిందా అని. ఇందుకు.

ఆ షెడ్డు ఇప్పుడు మళ్ళీ నాలుగువైపులా తెరుచుకుని ఉంది. గాలి బాగా ఆడుతోంది. కూర్చునేవాళ్ళే లేరు. వదినతోపాటు చాలామంది రొయ్యల వలుపుకి కుదిరిపోయారు, అడ్వాన్సు తీరేదాకా కదలకూడదు. కుక్కలు పడుకుంటున్నాయి.

పోయిన వారం వెళ్ళి ఆ కంపెనీ గేటు దగ్గర నిలబడ్డాను, భోజనాలకి వదిలే వేళకి. తిరుమల బయటికొచ్చింది. వేళ్ళ చివర్లు తెల్లగా నాని పొరలు లేస్తున్నాయి. తిడుతుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏదీ లేదు. సప్లిమెంటరీ ఉందే, ఇంకా గడువుంది, నా దగ్గరికి వచ్చెయ్యి అన్నాను. తల వంచుకుని చెప్పుతో ఇసుక గీసింది. కాసేపటికి,

"నా ఫొటో తీయించెయ్యి అత్తా" అంది.

తలుపు తీసిన మొదటి రోజున కంప్యూటరు ముందు కూర్చోబెట్టి తీసిన ఫొటో. అది మా శాఖ పేజీలో ఉంది. దాన్ని ఎవరో మేస్త్రీకి చూపించారట, కంపెనీలో అందరూ 'ఏమే కంప్యూటరూ' అని పిలుస్తున్నారట. ఆ రోజే వచ్చి లిస్టులో రాశాను, ఆ ఫొటో తీసెయ్యండి, ఆ అమ్మాయికి ఇష్టం లేదు అని. ఈసారి చూశారండీ. మూడోనాటికే జవాబొచ్చింది. ఉదయభాస్కర్ గారు అభ్యంతరం చెప్పారు. శాఖ మూతపడినా అది మనం సాధించినదానికి గుర్తు, దాతలందరూ చూసిన ఫొటో, ఉండాలి అన్నారు. ఒక్కరు వద్దంటే ఆగిపోవాలి కదా, ఆగిపోయింది. నేను చేరిన ఇన్నేళ్ళలో ఆ లిస్టులో నేను కాక ఇంకెవరైనా సూటిగా వద్దు అనగా చూడటం అదే మొదలు. ఫొటో అలాగే ఉంది. నేను మానలేదు. రోజూ షాపు తెరవగానే ఒక మెయిలు పెడుతున్నాను.

ఇంకొక్కటి ఉంది. ఇది రాయకుండా ముగిద్దామనుకున్నాను, కానీ మీరు అక్కడికి వెళ్ళినప్పుడు వదిన నోట వినేకంటే నా చేత్తో చదవడం మేలు. ఆ రోజు గేటు దగ్గరే వదినతోనూ మాట్లాడాను. టిఫిను గిన్నె మూత తీస్తూ నావైపు చూడకుండా కూర్చుంది. తాపీమేస్త్రీ గోడలు కడుతుంటే మీరెవరూ ఎందుకు ఆపలేదు వదినా, ఒక్కరు వచ్చి అడ్డం నిలబడితే ఆగేది కదా అన్నాను. చెప్పలేదని వాళ్ళని నిలదీస్తున్నాను చూడండి, నేను. అప్పుడు తలెత్తింది.

"వాళ్ళకి తెలవదు సరే. మేం పలక్కపోతే ఏందో నీకు తెలుసుగా. వాళ్ళ పక్కన మన పిల్ల ఉంది, అది చెప్తదిలే అని ఊరుకున్నాం" అంది.

గోడలు లేస్తుంటే, గంగాదేవికి తెలిసే చేస్తున్నారు, ఇందులో మనకేదో మేలుండే ఉంటుంది అనుకున్నారట పాలెమంతా. నేను చెప్పాను వదినా, వ్యానులో చెప్పాను, కాగితం మీదా చెప్పాను, అది ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి పొగడ్తైపోయింది అని అనాలనుకున్నాను. ఆవిడ వేళ్ళ వంక చూశాక ఆ మాట నోట్లోంచి రాలేదు. నాకు ఏడుపు రాలేదండీ, కోపం వచ్చింది. ఎవరి మీదో ఇప్పటికీ తెలియడం లేదు. గిన్నెలో అన్నం సగం నాకు పెట్టింది. తిన్నాను.

సముద్రంలో చేపల వేట నిషేధం మొదలు కాబోతోంది. బోట్లు ఒడ్డెక్కగానే ఈసారి పారాదీప్‌లో పని వెతుక్కోకుండా సరాసరి రండి. ముందు విజయవాడ కాదు, పాలెం వెళ్ళండి. సప్లిమెంటరీకి ఇంకా వ్యవధి ఉంది. పుస్తకాలు నేను తెచ్చి పెట్టాను. నేను వెళ్ళి పిలిస్తే అక్కడ నా మాట చెల్లదు, చెల్లకూడదు కూడా. కంపెనీ మేస్త్రీతో ఏం మాట్లాడుకుంటారో, మీ అక్కని ఎలా ఒప్పిస్తారో మీ ఇష్టం. కానీ వాళ్ళకంటే ముందు తిరుమలని అడగండి. పైకి చదవాలని ఉందా లేదా అని. కేంద్రం పెడతామన్నప్పుడు మా శాఖవాళ్ళు దాన్ని అడగలేదు, అడ్వాన్సు తీసుకున్నప్పుడు మీ అక్క అడగలేదు, పుస్తకాలు కొన్నప్పుడు నేనూ అడగలేదు. అడిగితే అది తల వంచుకుని ఊరుకుంటుంది, మన పిల్లే కదా. సరే అనుకుని లేవకండి, కాదనీ అనుకోకండి. అవునో కాదో దాని నోటితో అది అనేదాకా, పొద్దుపోయినా సరే, అక్కడే కూర్చోండి.

ఇట్లు,
మీ రాక కోసం చూసే మీ భార్య,
గంగాదేవి.